సూదితో మొదలయ్యే కవచం

కవచం చేసే చోటంటే కొలిమీ, దాగలీ, చెవులు చిల్లులు పడే సుత్తి దెబ్బలూ ఉంటాయనుకుని వెళ్ళాను. అది చేసే ఆయన నా చేతిలో పెట్టింది మాత్రం సూది, మైనం పట్టించిన నార దారం.

ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరం. మా అమ్మాయి ఉంటున్న వీధిలోనే ఆయన ఇల్లు. వారమంతా వడ్రంగం పని, శని ఆదివారాలు పదిహేనో శతాబ్దం. కారు పెట్టుకోవాల్సిన షెడ్డులో బల్ల మీద అవిసె నార బట్ట పొరలు పొరలుగా పరిచి ఉంది. "ముందు ఇది కుట్టండి. వేలెడు ఎడంలో నిలువు వరసలు. ఇనుము సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

రెండు వరసలు కుట్టేసరికి నా చేతులకు తెలిసిపోయింది, ఇది బొంత. పాత చీరలు మడతేసి, ఈ అంచు నుంచి ఆ అంచుకి దారం లాగుతూ మా అమ్మమ్మ వేసవి మధ్యాహ్నాల్లో కుట్టిన బొంతే. ఆమె బొంత చలికి, ఇది కత్తికి.

ఆ షెడ్డులో కొన్ని వారాంతాలు గడిపాక కవచం గురించి నాకున్న ఊహ తలకిందులైంది. మ్యూజియం అద్దాల వెనక నిలబెట్టిన ఇనుప మనిషిని చూసి మనం అదే కవచం అనుకుంటాం. నిజానికి అది కవచంలో మిగిలిన భాగం. లోపలి బట్ట చివికిపోయింది, తోలు పట్టీలు ఎండి రాలిపోయాయి, ముడులు విడిపోయాయి. కాలానికి తట్టుకుని నిలిచింది ఇనుమొక్కటే కాబట్టి అంతా ఇనుమేననిపిస్తుంది. కర్ణుడికైతే కవచం ఒంటితో పాటే వచ్చింది. తక్కిన వీరులందరికీ ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టుకుని, కొలతలు తీసి, కుట్టి ఇవ్వాల్సి వచ్చింది. కవచం ముందు దుస్తు, ఆ తర్వాతే ఆయుధ సామగ్రి. మళ్ళీ చేతులతో చేసి, తొడుక్కుని, అందులో చెమటోడ్చినవాళ్ళు చెబితే తప్ప ఈ సంగతి బయటపడేది కాదు.

అలా చేసేవాళ్ళనే రీఎనాక్టర్లంటారు. పాత యుద్ధాలను అవి జరిగిన నేల మీదే మళ్ళీ ఆడి చూపిస్తారు. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని, 1471 నాటి ట్యూక్స్‌బరీ యుద్ధాన్ని ఇంగ్లండ్‌లో, 1410 నాటి గ్రున్‌వాల్డ్ యుద్ధాన్ని పోలండ్‌లో జనం ఎగబడి చూస్తారు. అమెరికాలో ఈ మధ్యయుగాల అభిరుచి 1966లో బర్క్‌లీలో ఒక ఇంటి పెరట్లో జరిగిన వేడుకతో ఊపందుకుంది. ఆ వేడుక నుంచి పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం సభ్యులు పేము కర్రలనే కత్తులుగా పట్టి పోరాడతారు. యూరప్ బృందాలు ఎక్కువగా మొద్దు అంచు ఉక్కు కత్తులు వాడతాయి. ఎక్కడైనా దెబ్బ దెబ్బే. కాబట్టి ఒంటి మీద ఉన్నది నాటకం దుస్తుల్లా అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసింది అయితే కుదరదు.

మంచి బృందాల్లో ఒక కట్టడి ఉంటుంది. నువ్వు ఎవరివో ముందు తేల్చుకోవాలి. ఏ ఊరు, ఏ దశకం, ఏ హోదా? 1470 నాటి విలుకాడు 1400 నాటి మిలాన్ దొర శిరస్త్రాణం పెట్టుకుని మైదానంలోకి రాకూడదు. బాగుంది కదా అని అక్కడో ముక్క, ఇక్కడో ముక్క ఏరుకోవడం చెల్లదు. చర్చిల్లో సమాధుల మీద పడుకోబెట్టిన రాతి విగ్రహాలు, పాత చేతిరాత పుస్తకాల్లోని బొమ్మలు, తవ్వకాల్లో దొరికిన ముక్కలు, ఇవే వాళ్ళ సాక్ష్యాలు. వాటిలో మోర్గన్ బైబిల్ ఒకటి. 1240ల నాటి ఫ్రాన్సు చిత్రకారులు పాత నిబంధన యుద్ధాలను తమ కాలపు సైనికుల వేషంలో గీశారు. గొలుసు అంగీలు, బొంత అంగీలు, అంచులున్న ఇనుప టోపీలు అన్నీ అందులో కనిపిస్తాయి. ఆ పుస్తకం 1608లో కానుకగా ఇస్ఫహాన్‌లోని షా అబ్బాసు చేతికి చేరింది. బొమ్మల పక్కన పారసీకంలో వివరాలు రాశారు. ఇప్పుడది న్యూయార్క్‌లో ఉంది. ఒక దర్జీ నమూనా పుస్తకం ఇంత లోకం తిరగడం చూస్తే నాకు ముచ్చటేసింది.

మళ్ళీ బొంత దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు పనితనం అక్కడే ఉంది. లోపల తొడిగే ఈ అంగీకి గాంబెసన్ అనీ, అకిటన్ అనీ పేర్లు. రెండో పేరు అరబీలో దూదిని పిలిచే 'అల్ కుత్న్' నుంచి వచ్చింది. ఇనుము కత్తి అంచును ఆపుతుంది కానీ దెబ్బ బలాన్ని ఆపలేదు. ఆ బలాన్ని మింగేది బొంతే. బీద సైనికుడికి చాలాసార్లు ఇదొక్కటే కవచం. ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ తన సైనికుల అంగీల గురించి ఇచ్చిన ఉత్తర్వులో 25 నుంచి 30 పొరల బట్ట, దాని మీద దుప్పి తోలు ఉండాలని చెప్పించాడు. కొత్త బట్ట కంటే వాడి వాడి మెత్తబడినదే ఈ పనికి మేలని కూడా అందులో ఉంది. ఈ మాట విన్నప్పుడు మా అమ్మమ్మ పాత చీరలే ఎందుకు ఏరేదో గుర్తొచ్చింది. కొత్త బట్ట బిరుసు. పొరలు ఒకదానితో ఒకటి కలవవు.

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు దూది కూరి కూరి పరుపులా చేస్తారు. చేతులు పక్కకి దిగవు, వేడికి పది నిమిషాల్లో కళ్ళు తిరుగుతాయి. దట్టంగా ఉండాలి గాని ఉబ్బెత్తుగా ఉండకూడదు. అంతకంటే కష్టమైనది చంక. బస్సులో నిలబడి పై కమ్మీ పట్టుకోండి, మీ చొక్కా నడుం దగ్గర పైకి లేస్తుంది. చొక్కా అంటే పర్వాలేదు. కిలోల కొద్దీ ఇనుము వేలాడే అంగీ అలా లేస్తే కత్తి ఎత్తిన ప్రతిసారీ ఆ బరువంతా ఎత్తాల్సిందే. దీనికి పద్నాలుగో శతాబ్దపు దర్జీలు కనిపెట్టిన ఉపాయం ఫ్రాన్సులోని లియోన్ నగరంలో భద్రంగా ఉంది. 1364లో ఓరే యుద్ధంలో చనిపోయిన షార్ల్ ద బ్లువా వేసుకున్నదని చెప్పే పట్టు అంగీ అది. చంక కన్నాన్ని భుజానికి పరిమితం చేయకుండా రొమ్ము మీదికీ వీపు మీదికీ పెద్ద పళ్ళెమంత గుండ్రంగా కత్తిరించి, ఆ గుండ్రానికి సరిపడా చిన్న చిన్న ముక్కలతో చేతిని అతికారు. చెయ్యి పూర్తిగా పైకెత్తినా నడుం దగ్గర అంచు కదలదు. రీఎనాక్టర్లు దీన్ని ఎన్నిసార్లు కుట్టి విప్పి మళ్ళీ కుట్టారో లెక్కలేదు. వడ్రంగి గారి గోడకు అలాంటివి నాలుగు వేలాడుతున్నాయి. నాలుగోది సరిపోయింది.

పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు చేతిరాత ఒకటుంది, మనిషికి కవచం ఎలా తొడగాలో వరసగా చెబుతుంది. అందులో మొదటి మాటలు బట్ట గురించే. లోపల చొక్కా వద్దు, శాటిన్ లోపలి పొర వేసి నిండా కన్నాలు పెట్టిన అంగీ ఉండాలి. చంకల్లో, మోచేతి వంపుల్లో గొలుసు ముక్కలు కుట్టాలి. ఇనుప ముక్కల్ని కట్టే తాళ్ళు క్రాస్‌బౌ నారికి వాడే సన్నటి పురితాడుతో చేసి, చెప్పులు కుట్టేవాళ్ళ మైనం పట్టించాలి, అప్పుడు సాగవు, తెగవు. మోకాళ్ళ చుట్టూ పల్చటి కంబళి ముక్కలు చుట్టాలి, రాసుకోకుండా. ఒరుసుకుపోయిన మోకాలు ఎంత బాధో తెలిసినవాడే ఇది రాసి ఉంటాడు.

ఇక ఇనుము. గొలుసు అంగీ అల్లడం నేను స్వయంగా కొంచెం నేర్చుకున్నాను. మన కంసాలులు కమ్మచ్చులో బంగారు తీగ లాగినట్టే అప్పట్లో ఇనుప తీగనూ కన్నాల పలకలోంచి సన్నగా లాగేవాళ్ళు. జర్మనీలో ఇజర్‌లోన్ ఊరు ఈ తీగకు, గొలుసు అంగీలకు పేరు పడింది. తీగను ఇనుప కడ్డీ మీద స్ప్రింగులా బిగుతుగా చుట్టాలి. చుట్టను పొడవునా కత్తిరిస్తే రింగులు రాలతాయి. ఒక్కో రింగు రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి, ఆ అతుకును సుత్తితో చదును చేసి, అందులో సూదిమొనంత కన్నం పొడిచి, నాలుగు రింగుల్లోంచి దూర్చి, కన్నంలో బియ్యపు గింజ కంటే చిన్న మేకు పెట్టి, రెండు వైపులా నొక్కేయాలి. అప్పుడు ఒక రింగు అయినట్టు. అరచేతి వెడల్పు ముక్కకి నాకు నూట అరవై రింగులు, రెండు శని ఆదివారాలు పట్టాయి. వేళ్ళ కొనలు నల్లగా మారి వారం దాకా వదల్లేదు. తొడల దాకా వచ్చే అంగీకి ఇరవై ముప్ఫై వేల రింగులు కావాలి.

కొసలు అతకకుండా ఊరికే దగ్గరికి నొక్కేస్తే పని పదో వంతు అవుతుంది. మార్కెట్లో చవగ్గా దొరికేవన్నీ అవే. బలంగా పొడిస్తే రింగులు తెరుచుకుంటాయి, పోరు అయ్యాక గడ్డిలో రాలి కనిపిస్తాయి. నాకు చూడగానే తేడా తెలియలేదు. ఆయన రెండింటినీ నా చేతికిచ్చి ఒక మేకు దూర్చి లాగమన్నారు. రివెట్ కొట్టిన ముక్క మేకునే వంచేసింది.

అల్లిక కూడా దర్జీ పనే. ఊలు అల్లేవాళ్ళు గళ్ళు పెంచి, తగ్గించి స్వెట్టరుకి ఆకారం తెచ్చినట్టు, ఇక్కడ ఒక వరసలో అదనంగా రింగు తగిలిస్తే వెడల్పవుతుంది, రెంటిని ఒకదానికి కలిపేస్తే ఇరుకవుతుంది. అలా మోచెయ్యి వంగేలా, చంక పట్టేయకుండా చేస్తారు. పది కిలోలు దాటే ఆ బరువంతా భుజాల మీద పడుతుంది కదా, దానికో కిటుకుంది. నడుముకు బెల్టు బిగించి, అంగీని కాస్త పైకి లాగి బెల్టు మీదుగా కుచ్చెళ్ళలా జారవిడవాలి. సగం బరువు తుంటి మీదికి దిగిపోతుంది. నీళ్ళ బిందెను చేత్తో మోసినవాళ్ళకీ నడుం మీద పెట్టుకుని మోసినవాళ్ళకీ ఈ తేడా చెప్పనక్కర్లేదు.

గొలుసు అంగీకీ నిండు రేకు కవచానికీ మధ్య ఒక దశ ఉంది, దాని గురించి మనకు తెలిసిందంతా దాదాపు ఒక విషాదం పుణ్యం. 1361 జులై 27న స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో, విస్బీ కోట గోడల బయట, డెన్మార్క్ రాజు నాలుగో వాల్డెమార్ సైన్యం ఊళ్ళ నుంచి వచ్చిన రైతులను ఊచకోత కోసింది. చచ్చిపోయినవాళ్ళను ఒంటి మీది కవచాలతోనే పెద్ద గోతుల్లో పూడ్చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో తవ్వినప్పుడు వెయ్యికి పైగా అస్థిపంజరాలు, పాతిక దాకా రేకుల అంగీలు బయటపడ్డాయి. బెంట్ థోర్డెమన్ 1939లో ప్రచురించిన వాటి వివరాలు, కొలతలు ఇవాళ్టికీ రీఎనాక్టర్ల బల్లల మీద ఉంటాయి. ఎముకల మీది కోతల్లో ఎక్కువ భాగం మోకాలి కింద. డాలు కిందికి, రేకులు అందని చోటికి కత్తులు వెతుక్కుంటూ వెళ్ళాయన్నమాట.

ఆ రేకుల అంగీ బయటికి చూస్తే మామూలు తోలు చొక్కా, మీద వరసలుగా మెరిసే మేకు తలలు. ఇనుప రేకులు లోపల. కొన్నింట్లో పెద్ద రేకులు కొద్దిగా, కొన్నింట్లో వందల కొద్దీ చిన్నవి. తోలు మట్టిలో కలిసిపోయినా మేకులు, రేకులు ఉన్న చోటే ఉండిపోయాయి కాబట్టి చొక్కా ఆకారం తిరిగి గీయగలిగారు. ఒక రకం అంగీని తల మీదుగా తొడుక్కుని, పక్క రేకులను వెనక్కి తిప్పి వీపు మీద బకిల్ పెట్టాలి. మన చేతులతో మనం పెట్టుకోలేం. ఆ రైతుకు ఆ పొద్దున ఎవరు పెట్టి ఉంటారు? అన్నో, పక్కింటివాడో. గోతిలో మిగిలిన బకిల్ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ చేతులే గుర్తొస్తాయి.

నిండు రేకు కవచం చేసే విధానం మన కంచరులకు కొత్తగా ఉండదు. చెట్టు మొద్దులో గుంట చెక్కి, అందులో రేకు పెట్టి లోపలి నుంచి కొడితే గిన్నెలా దిగుతుంది. ఇనుప గూటం మీద బోర్లించి బయటి నుంచి కొడితే ముంత మూతిలా మూసుకొస్తుంది. దెబ్బలు తిన్న కొద్దీ ఉక్కు మొండికేస్తుంది. ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే మళ్ళీ మాట వింటుంది. చివర్న సొట్టలన్నీ చిన్న సుత్తితో సాపు చేయడానికి పట్టే కాలమే ఎక్కువ. మోకాలికి, మోచేతికి రొయ్య పెంకులా ఒకదాని కిందికి ఒకటి జరిగే సన్నటి రేకులు. ఒక రివెట్ గుండ్రటి కన్నంలో తిరుగుతుంది, ఇంకోటి పొడుగాటి గాడిలో జారుతుంది. గాడి కాస్త పొట్టిదైతే మోకాలు సగంలో ఆగిపోతుంది, కాస్త పొడుగైతే కత్తి దూరే సందు తెరుచుకుంటుంది.

మిలాన్‌లో మిసాలియా కుటుంబం, ఆగ్స్‌బర్గ్‌లో హెల్మ్‌ష్మిడ్ కుటుంబం చేసిన పాత ముక్కలను ఇవాళ్టి నకళ్ళతో పోలిస్తే ఒక తేడా పట్టుకోవచ్చు. ఇవాళ మనం కొనే రేకు అంతటా ఒకే మందం, ఒకటిన్నర మిల్లీమీటరు అంటే ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటిన్నరే. అప్పటివాళ్ళు నీటి మరల సమ్మెటల కింద సాగగొట్టిన ఉక్కుతో పనిచేశారు. దెబ్బ పడే నుదురు దగ్గర, రొమ్ము మధ్యలో మందంగా ఉంచి, పక్కలకు వెళ్ళే కొద్దీ పల్చన చేశారు. ఎక్కడ అవసరమో అక్కడే బరువు. అందుకే అసలు కవచం కంటే దాని నకలు తరచు బరువెక్కుతుంది.

వడ్రంగి గారి మొదటి రొమ్ము రేకు ఇంకా షెడ్డు గోడకే ఉంది. పొట్ట కింద దాకా పొడుగ్గా, పీపాలా ఉంటుంది. దాన్ని తొడుక్కుని కూర్చుంటే పై అంచు గొంతు కింద గుచ్చుకునేదట. అందరూ చేసే మొదటి తప్పు ఇదే. అసలువి నడుము సన్నబడే చోటే ఆగిపోతాయి. మనిషి వంగేది అక్కడే మరి. ఇప్పుడాయన ఉక్కు జోలికి పోకముందు అట్టముక్కలతో మొత్తం చేసి, తొడిగించి, కూర్చోబెట్టి, వంగమని, చేతులెత్తమని, గుర్తులు గీసుకుంటారు. దర్జీ మొదటి ట్రయల్ వేయించినట్టే.

ఇలా ఒంటికి కుదిరితే బరువు బరువనిపించదు. 1944లో వచ్చిన 'హెన్రీ ది ఫిఫ్త్' సినిమాలో కవచం తొడిగిన వీరుణ్ణి కప్పీతో ఎత్తి గుర్రం మీద దింపుతారు. ఆ దృశ్యాన్ని లోకమంతా నమ్మేసింది. యుద్ధానికి వేసుకునే నిండు కవచం సుమారు 20 నుంచి 25 కిలోలు, ఒళ్ళంతా పంచుకుని ఉంటుంది. ఫ్రెంచి సేనాని బూసికో నిండు కవచంతో గుర్రం మీదికి దూకేవాడని, నిచ్చెన అడుగువైపు నుంచి చేతులతోనే ఎగబాకేవాడని అతని జీవితచరిత్ర చెబుతుంది. అయితే ఖర్చు లేకపోలేదు. లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో పోరు చూపించే మనుషులకు నకలు కవచాలు తొడిగించి ట్రెడ్‌మిల్ మీద నడిపించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. కవచంతో నడిస్తే మామూలు కంటే రెట్టింపు పైగా శక్తి పోతుంది. బరువులో కొంత కాళ్ళకే కట్టి ఉంటుంది, అడుగడుక్కీ దాన్ని ఊపాలి. రొమ్ము రేకు నిండా ఊపిరి తీసుకోనివ్వదు. నకళ్ళు చేసేవాళ్ళు, తొడుక్కుని అలవాటైనవాళ్ళు లేకపోతే ఆ పరీక్ష జరిగేదే కాదు. అభిరుచి అని తేలిగ్గా తీసేసే పని చరిత్రకు చేసిన మేలు ఇది.

ఈ కథలో మన దేశం కూడా ఉందని చాలామందికి తెలియదు. యూరప్, అమెరికా మైదానాల్లో కనిపించే గొలుసు అంగీలు, శిరస్త్రాణాల్లో ఎన్నో మీరట్, డెహ్రాడూన్ ప్రాంతాల్లో తయారైనవి. 1943లో సైన్యానికి కుక్రీలు చేయడంతో మొదలైన డెహ్రాడూన్ విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్, మీరట్‌లోని దీపీకా ఈ రంగంలో పాత పేర్లు. ఇంతకు ముందు చెప్పానే, ఒక్కో రింగూ కన్నం పొడిచి రివెట్ కొట్టడం, ఆ పని ముప్ఫై వేలసార్లు చేసే చేతులు మనవాళ్ళవి. పాత యూరప్ కవచాల మీద చేసినవాడి ముద్ర ఉండేది. నూరెంబర్గ్ అయితే ఊరి ముద్ర కూడా కొట్టేది. ఈ అంగీలు అల్లిన మనిషి పేరు మాత్రం వాటి మీద ఎక్కడా ఉండదు. ఉంటే బాగుండునని నా కోరిక. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పారసీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్ళని చదువుకున్నాం. ఆ ఉక్కు దిమ్మలు కరిగించినవాళ్ళ పేర్లు కూడా మన దగ్గర లేవు.

వచ్చేసే ముందు వారం ట్యూక్స్‌బరీ మైదానంలో ఆయనకు కవచం తొడిగే పని నాకు అప్పగించారు. పాత చేతిరాతలో చెప్పినట్టే పాదాల నుంచి మొదలు. బూటుకు ఇనుప రేకులు కట్టి, పిక్కలు, మోకాళ్ళు, తొడలు. తొడ రేకుల బరువంతా లోపలి అంగీ నడుము కన్నాల్లోంచి వేసిన ముడులకు వేలాడుతుంది. నా ముడి ఒకటి వదులైంది. "ఇంకోసారి. ఇది ఊడితే నేను పడతాను" అన్నారు నెమ్మదిగా. విప్పి మళ్ళీ కట్టాను. మైనం వేళ్ళకు అంటుకుంది. రొమ్ము, వీపు, చేతులు, చివరికి శిరస్త్రాణం. మూత దించాక లోపల్నుంచి ఆయన ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. సాయంత్రం అవన్నీ విప్పితే లోపలి బొంత పిండితే నీళ్ళు కారేంత తడిసి ఉంది. నేను కట్టిన ముడులు అలాగే ఉన్నాయి.

నేనల్లిన అరచేతి ముక్క ఇప్పుడు విశాఖపట్నంలో నా బల్ల మీద ఉంది. సముద్రపు గాలికి వారం తిరక్కుండానే ఎర్రటి చుక్కలు వచ్చాయి. అప్పట్లో అయితే ఇసుక పోసిన పీపాలో వేసి దొర్లించేవాళ్ళట. నేను పాత డబ్బాలో ఇసుక పోసి అలాగే ఆడించాను, తుప్పు రాలింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం కుట్టుమిషను నూనె రాస్తున్నాను.